అద్దానికి పొర వేసే విద్య

మన ఇళ్లలో రెండు మాటలను వేరువేరుగా వాడుతూ ఉంటాము. పెద్దవాడు చదువుకొంటున్నాడు అంటాము. చిన్నవాడు పని నేర్చుకొంటున్నాడు అంటాము. మొదటి మాట చెప్పేటప్పుడు గొంతు కొంచెం పైకి లేస్తుంది, రెండవ మాట దగ్గర దిగిపోతుంది. ఉర్దూలో ‘హునర్’ అనే మాటకు ఎంత గౌరవం ఉన్నదో ఈ సంచిక చదివేవారికి మేము చెప్పనక్కరలేదు. ఆ హునర్ నేర్చుకొనే పిల్లవానికి మాత్రం ఆ గౌరవంలో వాటా దక్కడం లేదు.

మా తరగతులలో ఉదయం కూర్చునే విద్యార్థులలో కొందరు మధ్యాహ్నం దాటిన తరువాత కార్ల అలంకరణ దుకాణాలలో పనికి పోతున్నారు. సీట్లకు తొడుగులు వేయడం, పాటల పెట్టెలు బిగించడం, అన్నిటికంటె కష్టమైనదిగా పేరుపడిన అద్దాలకు ఫిల్మ్ అంటించడం అక్కడ నేర్చుకొంటున్నారు. కళాశాల వార్షిక సంచికలో కారు అద్దాల ఊసేమిటని కొందరు పెద్దలు నొసలు ముడివేయవచ్చు. ప్రబంధ పాఠం చెప్పుకొని బ్రతికే మాకు ఈ విషయంలో ప్రవేశమేమిటని కూడా అడుగవచ్చు. మా విద్యార్థులు దేని మీద తమ సాయంకాలాలను వెచ్చిస్తున్నారో తెలుసుకొనడం మా ఉద్యోగంలో భాగమే అని మేము భావిస్తున్నాము. అందుకే ఉస్తాదులను అడిగాము, పని జరిగేచోట నిలుచుండి చూశాము, భౌతికశాస్త్రం బోధించే సహాధ్యాపకులతో చర్చించాము.

చూసేవారికి ఇది అంటించే పనిలాగా కనబడుతుంది. నిజానికి సగానికి పైగా కడిగే పని. అద్దం మీద కంటికి కనబడని ధూళికణం ఒకటి మిగిలినా, ఫిల్మ్ వేసిన తరువాత అది చిన్న బొడిపెగా లేచి జీవితాంతం కనబడుతూనే ఉంటుంది. అందువల్ల పని మొదలుపెట్టే ముందు పంకా ఆపివేస్తారు, నేల మీద నీళ్లు చల్లుతారు. అద్దం మీద నీటితుంపర కొట్టి, పదునైన బ్లేడుతో మెల్లగా గీకుతారు. రబ్బరు అంచు గల పలకతో పైనుండి క్రిందికి ఆ నీటిని లాగివేస్తారు. మళ్లీ తుంపర, మళ్లీ లాగడం. కొన్ని కార్లకు వెనుక అద్దం లోపలివైపు మంచును కరిగించే సన్నని తీగల గీతలు ఉంటాయి. అక్కడ బ్లేడు పెడితే ఆ గీతలు తెగిపోతాయి. ఈ సంగతి ముందుగా చెప్పని ఉస్తాదు వద్ద చేరిన షాగిర్దుకు మొదటి నెలలోనే అపకీర్తి తప్పదు.

ఆ తుంపర నీటిలో పసిపిల్లల తలకు వాడే షాంపూ కొన్ని చుక్కలు కలుపుతారు. ఆ జారుడుతనం వల్లనే ఫిల్మ్‌ను అద్దం మీద అటూ ఇటూ జరిపి సరిచేసుకొనడానికి వీలవుతుంది. షాంపూ తక్కువైతే జిగురు పడినచోటనే పట్టుకొంటుంది. ఎక్కువైతే పట్టు ఆలస్యమవుతుంది. మన ప్రాంతపు బోరునీటిలో లవణాలు ఎక్కువ. ఆ నీరే వాడితే ఆరిన తరువాత తెల్లని మచ్చలు మిగులుతాయి. శుద్ధిచేసిన నీరు కొనితెచ్చే ఉస్తాదును పిసినారి యజమాని ఎగతాళి చేస్తాడు గాని, ఆ డబ్బాలో ఉన్నది రసాయనశాస్త్రమే.

ఇక కొలత, కోత. ఫిల్మ్ చివరకు అద్దం లోపలివైపు అంటుకొనేదైనా దానిని కోసేది బయటివైపు మీద పరచి. పై అంచున వెంట్రుకవాసి ఖాళీ విడిచి కోయాలి. ఆ మాత్రం విడువకపోతే అద్దం పైకి లేచి రబ్బరులోకి దూరినప్పుడల్లా ఫిల్మ్ అంచు ఒరుసుకొని లేచివస్తుంది. తరువాత వెనుకనున్న పలుచని రక్షణ పొరను ఊడదీయాలి. రెండు పొరలూ కలిసి ఒక్క కాగితంలాగానే ఉంటాయి, గోటికి దొరకవు. మూలన అటొక టేపుముక్క, ఇటొక టేపుముక్క అంటించి రెంటినీ ఒక్కసారి లాగితే విడివడుతాయి. ఇంత చిన్న ఉపాయాన్ని మొదట కనిపెట్టిన మనిషెవరో గాని, వారికి మా నమస్కారం. పొర విడివడుతున్నకొద్దీ జిగురు వైపు తడుపుతూ ఉండాలి, లేకుంటే అది గాలిలోని ధూళినంతా పిలిచి అంటించుకొంటుంది. కారు తలుపు అద్దాన్ని కొంచెం దించి పై అంచు అంటించి, మళ్లీ ఎత్తి క్రింది భాగాన్ని రబ్బరు సందులోకి దింపాలి. చివరకు నడుమ నుండి అంచులకు నీటిని తోసివేయాలి. పూర్తిగా ఆరడానికి కొన్ని దినాలు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. మూడు నాలుగు రోజులు అద్దం దించవద్దని యజమానికి చెప్పాలి. చెప్పినా దించుతారు, మరునాడు వచ్చి కుర్రవాని మీద కేకలు వేస్తారు.

వెనుక అద్దం సంగతి వేరు. అది రెండు దిక్కులకూ వంగి ఉంటుంది, ఫిల్మ్ సమతలం. బల్లపరుపు కాగితాన్ని బంతికి చుట్టబోతే ముడతలు పడినట్లే అంచుల వద్ద వేళ్లవంటి మడతలు లేస్తాయి. వేడిగాలి యంత్రంతో ఆ మడతలను కుంచింపజేసి అద్దం వంపుకు ఒదిగేటట్లు చేయాలి. ఫిల్మ్ అన్ని దిక్కులా ఒకే తీరుగా కుంచించుకొనదు. చుట్ట పొడవు వెంబడి ఆ గుణం ఎక్కువ. మడతలు ఏ వైపు లేవనివ్వాలో, ఫిల్మ్‌ను ఏ దిక్కుగా పరవాలో ఈ ఒక్క సంగతి నిర్ణయిస్తుంది. వేడి ఒకేచోట నిలిపితే ఫిల్మ్ కాలుతుంది, అద్దం కూడా పగులవచ్చు. ఈ ఒక్క అద్దం చేతికి లొంగడానికి నెలలు పడుతుందని ప్రతి ఉస్తాదూ చెప్పినాడు.

ఈ ఉస్తాదుల బోధనాపద్ధతిని గురించి మాకొక అభిప్రాయం ఉన్నది. కొత్తగా చేరినవాడు కొన్ని నెలలు నీళ్లు మోస్తాడు, గుడ్డలు ఉతుకుతాడు, టీ తెస్తాడు, చూస్తాడు. తరువాత కడుగుతాడు. ఆ తరువాత చిన్న అద్దం ఒకటి చేతికి వస్తుంది. ఈ నిదానాన్ని వెక్కిరించేవారితో మేము ఏకీభవించము. ధూళిని చూడగలిగే కన్ను ఒక్కరోజులో రాదు. కడుగుతూ ఉండగానే వస్తుంది. మా అభ్యంతరం మరొకచోట ఉన్నది. ఉస్తాదు ‘ఇట్లా చెయ్యి’ అంటాడు, ‘ఇందుకు’ అనడు. షాగిర్దు అడిగితే అది ఎదురుమాట అవుతుంది. చాలామంది ఉస్తాదులకు తమ ఉస్తాదులు కూడా చెప్పలేదు గనుక కారణం చేతిలోనే ఉండిపోయింది, నోటికి రాలేదు. కళాశాలలో మేము చేసేది దీనికి సరిగా తలక్రిందులు. కాంతి వక్రీభవనాన్ని నల్లబల్ల మీద గీసి చూపిస్తాము, విద్యార్థి చేతికి ఒక గాజుముక్క కూడా ఇవ్వకుండానే సంవత్సరం గడిపివేస్తాము.

కారణం తెలియకపోతే నష్టమేమిటని అడిగేవారికి ఒక ఉదాహరణ చెబుతాము. ఎండాకాలం రామగుండంలోనో, విజయవాడలోనో కారులో కూర్చున్న మనిషికి కావలసింది చల్లదనం. అతడు దుకాణానికి వచ్చి అడిగేది నలుపు. నలుపు ఎంత చిక్కనైతే అంత చల్లదనం అని అతని నమ్మకం. దుకాణదారుది కూడా అదే నమ్మకం, లేదా అదే వ్యాపారం. సూర్యుని నుండి మనకు చేరే శక్తిలో సుమారు సగం కంటికి కనబడని పరారుణ కిరణాలది. రంగు మాత్రమే అద్దిన చౌక ఫిల్మ్ కంటికి కనబడే వెలుతురును ఆపుతుంది. వేడిని చాలావరకు తానే పీల్చుకొని అద్దాన్ని కాగబెడుతుంది, అందులో కొంత మళ్లీ లోపలికే వస్తుంది. కొన్ని ఏండ్లకు ఆ రంగు ఎండకు వెలిసి ఊదారంగుకు తిరుగుతుంది. దీనికి భిన్నంగా, పింగాణీ జాతి సూక్ష్మకణాలు గల మేలురకం ఫిల్మ్ దాదాపు తెల్లగా కనబడుతూనే పరారుణ కిరణాలను పెద్దయెత్తున ఆపగలదు. అతినీలలోహిత కిరణాలను ఆపడానికైతే నలుపుతో పనే లేదు. ఇంత తెలిసిన కుర్రవాడు యజమానితో ‘అయ్యా, మీకు కావలసింది నలుపు కాదు’ అని చెప్పగలడు. తెలియనివాడు చెప్పిన నలుపు అంటిస్తాడు.

ఇక్కడనే చట్టం ప్రవేశిస్తున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 100వ నియమం ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, ప్రక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు పోవాలి. నల్ల అద్దాల చాటున నేరాలు జరుగుతున్నాయని ఒక పౌరుడు వేసిన ప్రజాహిత వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు చెబుతూ, శాతం ఎంతైనా సరే, అద్దానికి ఫిల్మ్ అంటించడమే కూడదన్నది. ఆ మే నెల నుండి దేశమంతటా కూడళ్ల వద్ద కార్లను ఆపి ఫిల్మ్‌లు పీకివేయడం మొదలయింది. కారు యజమాని జరిమానా కట్టి వెళ్లిపోయినాడు. ఏండ్ల తరబడి చేతికి పట్టించుకొన్న విద్య ఒక్క వేసవిలో నేరమైపోయినవాడు అంటించిన మనిషి. అతనిని గురించి వ్యాసం వ్రాసినవారు మాకు కనబడలేదు.

తరువాత నియమం మారింది. 2020లో చేసిన సవరణ 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చి, లోపలివైపు ప్లాస్టిక్ పొర గల భద్రతా అద్దాలకు కూడా చోటిచ్చింది. ప్రమాణాలకు లోబడి, 70, 50 శాతాల హద్దు దాటని ఫిల్మ్ వేసుకొనవచ్చునని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. అయినా 2012 మాట రోడ్డు మీద ఇంకా వినబడుతూనే ఉన్నది. అనగా ఈ పని నేర్చుకొనే పిల్లవాడు చట్టం సంధికాలంలో నిలుచుండి ఉన్నాడు. అతనికి తెలుగులో గాని ఉర్దూలో గాని ఈ సంగతులు చెప్పిన కాగితం ఒక్కటి కూడా ఏ దుకాణం గోడ మీదా మేము చూడలేదు.

పోనీ హద్దు తెలిసినంత మాత్రాన చాలునా అంటే, చాలదు. ఇందులో ఒక చిన్న లెక్క ఉన్నది. ప్రక్క అద్దానికి 50 శాతం చాలును గనుక 60 శాతం వెలుతురు పోనిచ్చే ఫిల్మ్ వేస్తే హద్దులోనే ఉన్నామని అనుకొంటారు. కాని అద్దం కూడా కొంత వెలుతురును ఆపుతుంది. కర్మాగారం నుండి వచ్చిన అద్దమే 80 శాతం పోనిస్తున్నదనుకొందాము. ఆ 80లో 60 శాతం అంటే 48. హద్దు దాటిపోయింది! 70 శాతపు ఫిల్మ్ అయితే 56, ఫరవాలేదు. ముందు అద్దానికైతే 85 శాతపు ఫిల్మ్ వేసినా 68 మాత్రమే మిగులుతుంది. ఈ గుణకారం ఏడవ తరగతి పిల్లవానికి వస్తుంది. దుకాణాలలో మేము ఈ ప్రశ్న వేసినప్పుడు మాత్రం ఎక్కువమంది కూడికలు, తీసివేతలే చేసినారు. మా కళాశాల విద్యార్థులు కూడా వారిలో ఉన్నారు. పరీక్షలో శాతాల లెక్కకు వచ్చిన మార్కులు వారిని ఆ అద్దం దగ్గరకు చేర్చలేదు.

కారు యజమాని చిక్కని నలుపు వేయమంటాడు, దుకాణం యజమాని కానివ్వమంటాడు. చేతిలో బ్లేడు పట్టుకొన్న పంతొమ్మిదేండ్ల కుర్రవాడు కాదనాలంటే ధైర్యం ఒక్కటే చాలదు. కొలిచే మీటరు కావాలి, కొలిచిన అంకె కావాలి, ఆ అంకెకు అర్థం తెలియాలి. ‘ఇది 48 వస్తుంది సార్, మీకే జరిమానా’ అని చెప్పినవానిని యజమాని కసరడు, ఆలోచిస్తాడు. మా కరీంనగర్, కడప జిల్లాల పిల్లలెందరో గల్ఫు దేశాలకు పోతున్నారు. ఎండ మండే ఆ దేశాలలో ఈ పనికి గిరాకీ ఉన్నది, ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క కొలతా ఉన్నది. కొలవడం తెలిసి పోయేవాడికీ తెలియక పోయేవాడికీ అక్కడ ఒకే బ్రతుకు ఉండదు.

కళాశాలను కార్ఖానా చేస్తారా అని మా సహోద్యోగులలో ఒకరు అడిగినారు. వారి భయం మాకు అర్థమవుతున్నది. పేద పిల్లలకు పనిముట్లు, కలిగినవారి పిల్లలకు పుస్తకాలు అనే విభజనకు మేమూ వ్యతిరేకులమే. మేము కోరేది పుస్తకం మూయమని కాదు. సాయంత్రం వాడు పోయే చోటికి ఆ పుస్తకాన్ని తీసుకొనిపోదామని. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో కాంతి తీవ్రతను కొలిచే ప్రయోగం ఎట్లాగూ ఉన్నది. దానికి ఫిల్మ్ ముక్కలు నాలుగు, కారు అద్దం ఒకటి జతచేస్తే పాఠ్యప్రణాళిక మారనక్కరలేదు. 100వ నియమాన్ని, తరువాతి తీర్పులను సులభమైన తెలుగులో ఒక పుటగా వ్రాసే బాధ్యత మేము తీసుకొంటాము. ఉర్దూ శాఖవారు దానిని ఉర్దూలోకి తెస్తామన్నారు.

మరొక మాట. కొత్తవాడు పాడుచేసిన ఫిల్మ్ ఖరీదును అతని కూలిలో కోసే అలవాటు కొన్ని దుకాణాలలో ఉన్నది. ఇది అన్యాయమని మేము భావిస్తున్నాము. అన్యాయమన్నంతలో ఆగిపోదు గనుక, పాడుచేసుకొనడానికి వేరే అద్దాలు చూపించాలి. పాత ఇనుప సామాను దుకాణాలలో తలుపు అద్దాలు, వెనుక అద్దాలు దొరుకుతాయి. సైకిళ్ల కొట్టం వెనుక రేకుల షెడ్డు ఖాళీగా పడి ఉన్నది; నీటి కొళాయి కూడా దగ్గరే. శనివారం మధ్యాహ్నాలు వచ్చి చూపించగలరా అని ఇద్దరు ఉస్తాదులను అడిగాము. ఒకరు వెంటనే ఒప్పుకొన్నారు. రెండవవారు, కాలేజీలో తమను ఎక్కడ కూర్చోబెడతారని అడిగినారు. అధ్యాపకుల గదిలో అని చెప్పాము. ప్రిన్సిపాలుగారి అనుమతి కోరుతూ వ్రాసిన ఉత్తరం ఆఫీసులో ఇచ్చి ఉన్నాము.