రెండు పొరలు వేరు, రెండు వైపులు వేరు

సంపాదకులకు,

పాత పెళ్లి వీడియోలను భద్రపరచుకోవడంపై మీరు వేసిన వ్యాసం అవసరమైనదే. కానీ డబుల్ లేయర్ డీవీడీ అంటే రెండు వైపులా రికార్డయ్యేదని అందులో రాయడం సరికాదు.

మామూలు డీవీడీకి ఒకే వైపు, ఒకే పొర, పట్టేది 4.7 జీబీ. డబుల్ లేయర్‌లో రెండు పొరలూ ఒకే వైపు ఉంటాయి. మొదటి పొర కొంత కాంతిని లోపలికి వదులుతుంది కాబట్టి లేజర్ ఫోకస్ మార్చుకుని రెండోదాన్ని చదువుతుంది. అయినా కెపాసిటీ 8.5 జీబీయే. తప్పుల్లేకుండా చదవడానికి అందులో గుర్తులను కాస్త పొడవుగా వేస్తారు మరి. నిజంగా రెండు వైపుల డిస్కయితే 9.4 జీబీ పడుతుంది, సగంలో తీసి తిప్పి పెట్టాలి.

గుర్తుపట్టడం తేలికే. మా మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో జరిగిన పెళ్లిదైనా, మరెక్కడిదైనా, డిస్కు మీద వధూవరుల ఫొటో అచ్చేసి ఉంటే అది ఒక వైపుదే. రెండు వైపులదానికి బొమ్మ వేసే చోటే ఉండదు. మధ్య రంధ్రం చుట్టూ సన్నటి అక్షరాలే ఉంటాయి.

ఇంకొకటి. 4.7 జీబీ డిస్కును కంప్యూటర్ 4.37గా చూపిస్తే షాపువాడు మోసం చేశాడనుకోవద్దు. వెయ్యికి బదులు 1024తో లెక్కకట్టడం వల్ల వచ్చే తేడా అది. ఈ సవరణను ప్రచురించగలరు.

– ఒక పాఠకుడు, మోపిదేవి