వెనక బ్రేకుకీ ఓ లెక్కుంది

ఇసుక పడ్డ రోడ్డు మీద బైకు వెనక బ్రేకు ఒక్కసారిగా తొక్కినవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. చక్రం తిరగడం ఆగిపోతుంది, బండి తోక పక్కకి జారుతుంది. కారుకి నాలుగు చక్రాలున్నా సూత్రం ఇదే. పాత మజిల్ కార్లకి వెనక డిస్క్ బ్రేకులు వేయించుకునే చాలామంది ఈ సంగతే మర్చిపోతారు.

నేనుండే డెట్రాయిట్ శివార్లలో పాతకార్ల పిచ్చి కాస్త ఎక్కువే. మా పక్కింటి పెద్దాయనకి 1969 షెవర్లే కమారో ఉంది. వి8 ఇంజిన్, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఈమధ్యే లైసెన్సు తీసుకున్న మనవరాలు దాన్ని నడుపుతానంటోంది. "వెనక కూడా డిస్కులు వేసేద్దాం, ఓ చెయ్యి వేస్తావా?" అన్నారాయన. మూడు శనివారాలు పట్టింది.

అసలు అవసరమా అని ముందు లెక్కేసుకున్నాం. గట్టిగా బ్రేకు వేస్తే బరువు ముందుకి వాలుతుంది. ఆపే పనిలో మూడింట రెండొంతులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ముందు చక్రాలు చేస్తాయి. కాబట్టి ముందు కూడా డ్రమ్ములే ఉన్న కారైతే మొదటి డాలరు అక్కడే పెట్టాలి. ఒక్కసారి ఆపడానికి మంచి స్థితిలో ఉన్న డ్రమ్ములు చాలు. ఘాట్ రోడ్డు దిగుతూ పదేపదే తొక్కినప్పుడే తేడా తెలుస్తుంది. డ్రమ్ములో వేడి లోపలే ఉండిపోయి పట్టు సడలుతుంది. డిస్కు గాలికి బయటే ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది, తడిసినా తొందరగా ఆరిపోతుంది.

మరి చిక్కెక్కడ? డ్రమ్ము తిరిగే ఊపే బ్రేక్ షూని ఇంకాస్త లోపలికి లాక్కుని బిగిస్తుంది. డిస్కుకి ఆ సాయం లేదు, దానికి ఎక్కువ ప్రెషర్ కావాలి. పైగా డ్రమ్ముల కోసం చేసిన చాలా పాత మాస్టర్ సిలిండర్లలో ఒక చిన్న వాల్వు ఉంటుంది. కాలు తీసేశాక కూడా అది లైనులో కొంచెం ప్రెషర్ నిలిపి ఉంచుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే ప్యాడ్లు డిస్కుని ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం మారిస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ చూసుకుంటాం కదా, ఇదీ అంతే.

ఇక పని సంగతి. ఆ కారు యాక్సిల్‌ని లోపల సి ఆకారపు క్లిప్పు పట్టి ఉంచుతుంది. బ్రాకెట్ బిగించాలంటే డిఫరెన్షియల్ మూత తీసి, గేర్ ఆయిల్ వంపేసి, ఆ క్లిప్పు తీస్తేనే యాక్సిల్ బయటికి వస్తుంది. కాలిపర్ మీద గాలి తీసే స్క్రూ పైకే ఉండాలి. కుడి ఎడమలు తారుమారైతే అది కిందకి వస్తుంది, ఎంత బ్లీడ్ చేసినా లోపలి గాలి పోదు, పెడల్ మెత్తగానే ఉంటుంది.

అసలు పరీక్ష చివర్లో. వెనక లైనులో తిప్పుకునే ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టాం. వెనక ప్రెషర్ బాగా తగ్గించి, ఖాళీ పార్కింగ్ స్థలంలో గంటకు 30 మైళ్ల వేగంతో వచ్చి గట్టిగా బ్రేకు. ఆయన స్టీరింగ్ దగ్గర, నేను దూరంగా నిలబడి చక్రాలు చూడడం. కొంచెం పెంచడం, మళ్లీ తొక్కడం. ఓసారి వెనక చక్రాలు ముందు పట్టేశాయి, కారు తోక విసిరింది. వెంటనే వెనక్కి తిప్పాం. ముందు చక్రాలు పట్టేస్తే కారు నేరుగానే జారుతుంది. వెనకవి ముందు పట్టేస్తే గిరగిరా తిరుగుతుంది. కొత్తగా నేర్చుకున్న పిల్ల చేతిలో ఈ రెండిటి మధ్య తేడా ప్రాణమంత.

మీరుగానీ, అమెరికాలో ఉన్న మీవాళ్లుగానీ ఇలాంటి కిట్ కొనబోతుంటే నాలుగు ప్రశ్నలు అడగండి. మాస్టర్ సిలిండర్ దీనికి సరిపోతుందా? వెనక ప్రెషర్ తగ్గించే వాల్వు ఉందా? హ్యాండ్‌బ్రేకు పనిచేస్తుందా? ఇప్పుడున్న 14 అంగుళాల చక్రంలో కాలిపర్ పడుతుందా? నాలుగింటికీ సూటిగా జవాబు వచ్చాకే పర్సు తీయండి. చక్రంలోంచి మెరిసే డిస్కు చూడ్డానికి బాగుంటుంది నిజమే. కానీ నాలుగు చక్రాలూ ఒక మాట మీద ఉంటేనే కారు ఆగుతుంది.