ఊరిలో ఉద్యోగము, తెరమీద వినోదము

శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరికి చేరువనున్న తలుపుల మెట్టపైరుల మండలము. వేరుసెనగ యెండిన యేడు ఇచటి జనులు బెంగుళూరు దారి పట్టుట క్రొత్త గాదు. 2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌను విధింపబడినప్పుడు ఆ ప్రవాహము వెనుకకు మరలినది. కట్టడపు కూలి తన పనిని పట్టణమందే విడిచి వచ్చెను. కంప్యూటరు ఉద్యోగి తన పనిని సంచిలో పెట్టుకొని వచ్చెను. ఈ సీమ పల్లెలలో నడవాలోనో, మిద్దెమీది గదిలోనో బల్ల వేసికొని దూరపు కంపెనీకి పనిచేయు యువతీయువకులు నాటినుండి కానవచ్చుచున్నారు.

పని వచ్చినది గాని తోడివారు రాలేదు. ఈ వెలితిని పూరించుటకు కంపెనీలు చేపట్టిన ఉపాయమే తెరమీది వినోదము. శుక్రవారము సాయంకాలము ఒక గంటసేపు అందరును జూమ్ వంటి సాధనము ద్వారా కూడి తంబోలా, అంత్యాక్షరి, క్విజ్ ఆడుదురు. 2018లో వెలువడి 2020లో ప్రపంచమంతట వ్యాపించిన ‘అమాంగ్ అస్’ వంటి, దొంగను కనిపెట్టు ఆటలును కలవు. దీనికి ‘టీమ్ బిల్డింగ్’ అని పేరు. 2019 డిసెంబరులో దినమునకు 1 కోటిగా నుండిన జూమ్ సమావేశముల హాజరు 2020 ఏప్రిల్ నాటికి 30 కోట్లయినది. (ఒకే మనిషి రెండు సమావేశములకు పోయిన ఇద్దరుగా లెక్క, అయినను పెరుగుదల పెరుగుదలయే.)

వినోదము చెడ్డదని ఎవరును అనరు. అది ఏ రోగమునకు మందు అనునదే ప్రశ్న. మైక్రోసాఫ్టు పరిశోధకులు అమెరికాలోని తమ ఉద్యోగులు 61,182 మంది పరస్పర సంపర్కములను 2020 మొదటి ఆరు మాసములకు పరిశీలించి 2021లో ఫలితములను ప్రకటించిరి. ఒకే జట్టులోనివారి బంధము సడలలేదు. శాఖకును శాఖకును నడుమ నుండిన వంతెనలు తగ్గినవి. అనగా పోయినది పక్క బల్లవాని స్నేహము కాదు. టీకొట్టు కడ, మెట్లమీద తటస్థపడు పరాయి శాఖవాని పరిచయము. శుక్రవారపు ఆటకు పిలువబడువారో, వారమంతయు ఒకరితో ఒకరు మాటలాడుచున్న ఆ పదిమందియే!

ఆటయొక్క స్వరూపమందును ఒక చిక్కు గలదు. పది భాషలను పరిశీలించి 2009లో వెలువడిన పరిశోధన ప్రకారము, ప్రశ్నకును జవాబునకును నడుమ విరామము సగటున సెకనులో అయిదవవంతు మాత్రమే. తెరమీది మాట చేరుటకే ఇంచుమించు అంత జాగు కాగలదు. పల్లెలోని బలహీనమైన సిగ్నలుతో ఇంకను హెచ్చును. అందుచే ఇద్దరు ఒక్కసారి మాటలాడుదురు, ఇద్దరును ఆగుదురు, మరల ఇద్దరును ఆరంభింతురు. అంత్యాక్షరిలో ఒకరు పాడుటయే గాని అందరును గొంతు కలుపుట కుదరదు. రాయలసీమ చెక్కభజన చూచినవారికి ఈ లోపము తేటపడును. అచట అందరి చెక్కలును ఒకే దెబ్బగా మ్రోగవలెను. గురువు అడుగు మార్చిన వలయమంతయు మారవలెను. జట్టు కట్టుటకు వేరే పాఠము లేదు. కాలు తప్పినవానిని పక్కవాని భుజమే సరిదిద్దును. తెరమీద ఆ భుజము లేదు.

ఇక ఆడువారి ఇంటి సంగతి. కంపెనీ దృష్టిలో అది విశ్రాంతి. ఇంటివారి దృష్టిలో నవ్వులు వినవచ్చెను గనుక పని ముగిసినది. ఉద్యోగము చేయు కోడలు ఆ గంటలో తంబోలా చీటి చూచుచు వంటింటి పిలుపునకు జవాబు చెప్పవలసి వచ్చును. రాకున్న పైయధికారి ఏమనుకొనునో యన్న శంక వేరే. తప్పనిసరియైన వినోదము కొలువులో భాగమే. దానికి కొలువు వేళలోనే చోటీయవలెను. పైపెచ్చు, తన ముఖమును తానే అద్దములోవలె గంటలతరబడి చూచుకొనుట అలసటకు ఒక కారణమని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్‌సన్ 2021లో వాదించెను. ఆన్‌లైన్ పాఠములు చెప్పిన ఉపాధ్యాయులకును, విన్న విద్యార్థులకును దీనిని వేరుగ వివరింపనక్కరలేదు.

అయినను ఒక మేలు ఒప్పుకొనవలెను. చేరిననాటినుండి తోటివారిని కంటితో చూడని క్రొత్తవానికి, మేనేజరు ఓడిపోవుట చూచు అవకాశము ఆ గంటయందే దొరకును. ఆంగ్ల చలనచిత్రముల ప్రశ్నలకు మారుగా ఒక వారము ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మల కథ, మరొక వారము ఒడియా సహోద్యోగి ఊరి ముచ్చట చెప్పించిన ఆ గంట ఇంకను సార్థకము కాగలదు.

టి.సి.ఎస్. వంటి సంస్థలు 2023 అక్టోబరులోనే ఉద్యోగులను వారమునకు 5 దినములు కార్యాలయమునకు రమ్మన్నవి. మరొకప్రక్క 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, ముఖ్యముగా స్త్రీలకు, ఇంటినుండి పనిచేయు వసతిని విస్తరింతుమనియు, నగరములందును, పట్టణములందును, మండలములందును ఐ.టి. కార్యాలయ స్థలములకు ప్రోత్సాహమిత్తుమనియు ప్రకటించిరి. ఈ రెండవ మాట ఆలోచింపదగినది. తలుపుల వంటి మండల కేంద్రమున అట్టి గది వెలసిన, నాలుగు కంపెనీల ఉద్యోగులు ఒకే పంకా క్రింద కూర్చుందురు. సంస్థలోని శాఖల నడుమ వంతెనను అది కట్టజాలదు గాని, పరాయివాని పరిచయమను లోటును కొంత తీర్చును. టీ వేళకు ఒక క్యారంబోర్డు చాలును. ఆ గది అద్దెయు, కరెంటు ఖర్చును ఎవరు భరింతురో ముందు తేలవలెను.