దారాలున్నదల్లా శిలీంధ్రం కాదు

ఆకు మీద తెల్లగా ఏదైనా పట్టిందంటే అది ఫంగస్, ఫంగస్ అంటే ఏదో ఒక ఫంగిసైడ్. పురుగుమందుల దుకాణాల్లో నడిచే సిద్ధాంతం ఇదే. చదువుకున్నవాళ్లు కూడా "వర్గీకరణ గొడవ శాస్త్రవేత్తలు చూసుకుంటారు, రైతుకు కావలసింది మందు" అంటుంటారు. వినడానికి రైతు పక్షాన మాట్లాడినట్టే ఉంటుంది. జేబు ఖాళీ అయ్యేది మాత్రం రైతుకే.

దోస తీగనే చూడండి. బూడిద తెగులు సోకితే ఆకు పైన పిండి చల్లినట్టు ఉంటుంది. అది నిఖార్సయిన శిలీంధ్రం. బూజు తెగులైతే ఆకు పైన ఈనెల మధ్య పసుపు మచ్చలు, అడుగున నూగు. ఇది ఊమైసీట్. దారాలు అల్లుకుంటుంది, బీజాలు వెదజల్లుతుంది, వేషమంతా శిలీంధ్రానిదే. చుట్టరికం మాత్రం సముద్రంలోని గోధుమ నాచులతో. హెక్సాకొనజోల్ లాంటి మందులు ఎర్గోస్టెరాల్ అనే కణపొర పదార్థం తయారీని అడ్డుకుని శిలీంధ్రాన్ని ఎదగనివ్వవు. ఊమైసీట్లు అసలు ఎర్గోస్టెరాలే తయారుచేసుకోవు. జరగని పనికి అడ్డుపడి ఏం లాభం? కార్బెండజిమ్‌కూ ఇవి లొంగవు. నారుమడిలో పిథియం అనే ఊమైసీట్ వల్ల మొక్కలు మొదలు కుళ్లి వాలిపోతుంటే ఆ మందు పోసినవాడికి మిగిలేది బిల్లే. పిథియం బీజాలు నీటిలో ఈదుతాయి కనుక, మడిలో నీరు నిలవకుండా చూడడం అంతకంటే మేలు.

"రాగి మందు రెండింటికీ పనిచేస్తుంది కదా" అనేవాళ్లున్నారు. నిజమే. 1885లో ఫ్రాన్సులో మిలార్డే అనే శాస్త్రవేత్త ద్రాక్ష బూజు తెగులుకు విరుగుడుగా ప్రకటించిన బోర్డో మిశ్రమం నేటికీ వాడుకలో ఉంది. కానీ అది ఆకు పైనే ఉండి కాపాడుతుంది; లోపలికి దిగిన తెగులును ఏమీ చేయలేదు. అక్కడ ఊమైసీట్ల మీదే పనిచేసే మెటలాక్సిల్ లాంటిది కావాలి. దాన్నీ అదేపనిగా కొడితే ఏమవుతుందో 1980లో ఐర్లండ్ బంగాళాదుంప రైతులు చూశారు: తెగులు ఆ మందును తట్టుకోవడం నేర్చింది.

చేను సంగతి సరే, కంటి మాటేమిటి? పిథియం ఇన్సిడియోసం కార్నియాకు సోకితే ఆ పుండు అచ్చం ఫంగస్ పుండులాగే కనిపిస్తుంది. అలవాటుగా నాటమైసిన్ చుక్కలు రాస్తారు. అదీ ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుని పనిచేసే మందే, కాబట్టి ఇక్కడ దానికి పట్టు దొరకదు. చుక్కలు వేస్తూ ఎదురుచూసే కొద్దీ పుండు ముదురుతుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు దీనికి లినెజోలిడ్, అజిత్రోమైసిన్ ఇచ్చి చూసి ఆ అనుభవాన్ని వైద్య పత్రికల్లో ప్రచురించారు. రెండూ బాక్టీరియా మందులు! స్లైడు మీద అడ్డుగోడలు అరుదుగా ఉన్న వెడల్పాటి పోగులు కనిపిస్తే అనుమానించాలి. నీటిలో ఉంచినప్పుడు ఈదే బీజాలు బయటికొస్తే ఇక సందేహం అక్కర్లేదు. ఇక్కడ వర్గీకరణ పండితుల కాలక్షేపమని అనగలరా?

ఈ పొరపాటుకు బడిలోనే పాదు కట్టాం. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి జీవశాస్త్రం, ఫైకోమైసీట్స్ అనే పాత గూటిలో, రొట్టె మీది రైజోపస్ సరసనే ఆవ మొక్కల తెల్ల తుప్పుకు కారణమైన ఆల్బ్యూగోను కూర్చోబెట్టింది. ఆల్బ్యూగో కూడా ఊమైసీటే. రేపు వ్యవసాయాధికారులు, కంటి డాక్టర్లు అయ్యేది ఈ పాఠం చదివిన పిల్లలే. వాళ్లలో ఎవరైనా ఆల్బ్యూగో శిలీంధ్రం కాదని పరీక్షలో సరిగ్గా రాస్తే, మార్కు పోగొట్టుకుంటారు.