అమ్మిన పొలం, కొన్న ఇల్లు



అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇల్లు కొనుక్కోవడం గురించి ఈ వారం మా అభిప్రాయం రాస్తున్నాము. డాలస్ పక్కన బిడ్డ ఇల్లు చూశాడు, డౌన్ పేమెంట్‌కు కొంత తక్కువైంది, ఇక్కడ ఎకరం అమ్మి పంపుదామా అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. ప్రార్థన చేయమంటున్నారు. తప్పక చేస్తాము. అయితే మా మాట ముందే చెబుతున్నాము. పిల్లలు తమ సంపాదనతో కొనుక్కుంటే సంతోషం. మీరు మాత్రం పొలం అమ్మి పంపవద్దు.

పరదేశంలో నేల కొనడం తప్పని మేము అనడం లేదు. శారా చనిపోయినప్పుడు అబ్రాహాము కనానులో పరదేశి. భార్యను పాతిపెట్టడానికి జానెడు చోటు లేదు. హెబ్రోనులో హేతు కుమారుల ముందు నిలబడి, మక్పేలా గుహను, ఆ పొలాన్ని ఎఫ్రోను దగ్గర నాలుగువందల తులముల వెండికి కొన్నాడు (ఆదికాండము 23). ఊరకే ఇస్తానన్నా తీసుకోలేదు. ఊరి గవిని దగ్గర అందరూ చూస్తుండగా వెండి తూచి ఇచ్చాడు. హద్దులు, చెట్లతో సహా లెక్క తేలింది. మన రిజిస్ట్రారు ఆఫీసులో కూడా పని ఇంత శుభ్రంగా జరగదు! బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలో కూడా ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అనే ఉంది (29వ అధ్యాయం). కాబట్టి పరాయి దేశంలో ఇల్లెందుకు అని మేము అడగము. ఎవరి డబ్బుతో, ఏం పోగొట్టుకొని అని అడుగుతాము.

ముందు పిల్లల సంగతి చూద్దాం. అమెరికాలో ఇల్లు కొనడానికి వీసా అడ్డం కాదు. హెచ్ 1 బి మీద ఉన్నవారికి అక్కడి బ్యాంకులు అప్పు కూడా ఇస్తాయి. ఆ అప్పు చాలావరకు 30 ఏళ్ళది. ఉద్యోగం పోతే మాత్రం కొత్త ఉద్యోగం చూసుకోవడానికి గానీ, దేశం విడిచి రావడానికి గానీ ఉండే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఇంటికి వచ్చేసినా వాయిదా ఆగదు. టెక్సాసులో రాష్ట్రానికి కట్టే ఆదాయపు పన్ను లేదు గానీ, ఇంటి పన్ను ఏటా గట్టిగానే ఉంటుంది, అదీ ఆగదు. ఇండియా వచ్చి స్థిరపడ్డాక ఆ ఇల్లు అమ్మితే, కొన్నవాడు సాధారణంగా ధరలో 15 శాతం ఆపి అక్కడి పన్నుల శాఖకు కడతాడు. లెక్కలు దాఖలు చేసి మిగిలింది తర్వాత రాబట్టుకోవాలి. గ్రీన్ కార్డు కోసం మనవాళ్ళు పదేళ్ళు దాటి కూడా వరుసలో నిలబడుతున్నారు. ఇవన్నీ తెలిసి, తన జీతంతో భరించగలిగినవాడు కొనుక్కోనివ్వండి.

కెనడాలో అయితే పౌరసత్వం గానీ పీఆర్ గానీ లేనివారు ఇల్లు కొనకూడదని 2023 జనవరి 1 నుంచి నిషేధం పెట్టారు, కొన్ని మినహాయింపులతో. 2027 జనవరి 1 వరకు పొడిగించారు. ఆస్ట్రేలియాలో 2025 ఏప్రిల్ నుంచి రెండేళ్ళు పాత ఇళ్ళు విదేశీయులకు అమ్మరు. పక్కింటివాళ్ళ అబ్బాయి కొన్నాడు కదా అని వేరే దేశంలో ఉన్న మన అబ్బాయిని పోరడం మానాలి.

ఇక మీ వైపు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా విదేశానికి పంపవచ్చు. అంత డబ్బు మనకెక్కడిది అనుకుంటారేమో, మన బాధ వేరే చోట ఉంది. ఇల్లు కొనడానికో, బిడ్డకు బహుమతిగానో పంపితే ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ వసూలు చేస్తుంది. 40 లక్షలు పంపాలంటే ఇంకో 6 లక్షలు చేతిలో ఉండాలి. రిటర్ను వేస్తే అది తిరిగి వస్తుంది, లేదా పన్నులో సర్దుబాటవుతుంది. ఎన్నడూ రిటర్ను వేయని రైతుకు ఈ సంగతి ఎవరు చెబుతారు? ఇంకొకటి. పొన్నూరు మున్సిపాలిటీ. దాని హద్దు నుంచి రెండు కిలోమీటర్ల లోపు పొలం ఆదాయపు పన్ను లెక్కలో గ్రామీణ వ్యవసాయ భూమి కాదు, అమ్మిన లాభం మీద పన్ను పడుతుంది.

"నాన్న పేరు కూడా ఇంటి కాగితాల్లో పెడతాం" అంటారు పిల్లలు ప్రేమతో. అక్కడ నివాసం లేని విదేశీయుడు చనిపోతే, ఆ దేశంలో అతనికున్న ఆస్తిలో 60,000 డాలర్ల వరకే వారసత్వ పన్ను మినహాయింపు. పైదానికి పన్ను 40 శాతం దాకా వెళుతుంది. ఇక్కడ ఏటా రిటర్నులో ఆ ఇంటిని చూపాలి. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు.

ఇవన్నీ డబ్బుతో తీరేవి. డబ్బుతో తీరనిది ఒకటుంది. విదేశంలో స్థిరపడినవారు, ఇండియా పాస్‌పోర్టు ఉన్నా సరే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇక్కడ ఇల్లు, ఇళ్ళ స్థలం కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి కొనకూడదు. బహుమతిగా కూడా పుచ్చుకోకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. అంటే మీ తర్వాత ఆ ఎకరం మీ బిడ్డకు వస్తుంది. మీరు ఈ రోజు అమ్మితే మాత్రం, అతను అక్కడ ఎంత సంపాదించినా, అక్కడ ఉన్నంతకాలం పొలం గట్టు కూడా తిరిగి కొనలేడు.

లేవీయకాండము 25వ అధ్యాయం మళ్ళీ చదవండి. ప్రాకారం ఉన్న పట్టణంలో ఇల్లు అమ్మితే విడిపించుకోవడానికి ఒక్క ఏడాదే గడువు. పొలానికి అలా కాదు, బంధువు ఎప్పుడైనా విడిపించవచ్చు, సునాద సంవత్సరంలో తిరిగి వస్తుంది. నయోమి కరవుకు మోయాబు వెళ్ళి, భర్తను, ఇద్దరు కొడుకులను అక్కడే పోగొట్టుకొని ఒట్టి చేతులతో బేత్లెహేము చేరింది. అక్కడ ఎలీమెలెకు పొలం ఒకటి మిగిలి ఉంది కాబట్టి బోయజు గవిని దగ్గర కూర్చొని మాట్లాడటానికి ఆధారం దొరికింది. మన పిల్లల్లో ఎవరు ఎప్పుడు తిరిగి వస్తారో మనకు తెలియదు.

ఆ పొలాన్ని కౌలుకు చేస్తున్న కుటుంబం ఆదివారం మన వెనుక బల్ల మీదే కూర్చుంటుంది. వెంచరుకు అమ్మితే వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలో కూడా ప్రార్థనలో పెట్టమని ఇంతవరకు ఎవరూ మమ్మల్ని అడగలేదు.

బిడ్డతో "ఇంకో రెండేళ్ళు అద్దెకు ఉండు నాన్నా" అనడానికి తల్లిదండ్రులకు నోరు రాదని మాకు తెలుసు. లేదని చెబితే చిన్నబుచ్చుకుంటాడని భయం. ఆ మాట మేము చెబుతాము. అడ్వాన్సు పుచ్చుకోకముందే పిల్లల ఫోన్ నంబరు మాకు ఇవ్వండి. వాళ్ళకు తెల్లవారే సమయానికి, మన సాయంకాల ప్రార్థన అయ్యాక, మేమే ఫోన్ చేస్తాము.