దయానిధి తల్లి మీద సాక్ష్యం ఎవరిది?

"చివరకు మిగిలేది" చదివిన ఇద్దరు తెలుగువాళ్ళు పోర్ట్‌బ్లెయిర్‌లో కలిసినా సరే (2024లో దాని పేరు శ్రీవిజయపురం అయింది లెండి) మాట చివరకు దయానిధి తల్లి దగ్గరికే వస్తుంది. అతని మనసుకు తగిలిన దెబ్బకు ఆవిడే కారణమని ఇద్దరూ ఒప్పుకుంటారు. ఆవిడ ఏం చేసిందన్న దగ్గరే పేచీ. ఒకరు తప్పు చేసిందంటారు, మరొకరు పాపం ఏమీ ఎరగదంటారు. 1946-47లో 'నవోదయ'లో సీరియల్‌గా వచ్చిన నవల మీద ఈ తగువు ఇంకా తెగలేదు.

తెగదు కూడా. బుచ్చిబాబు ఊరి మాటలు వినిపించాడే గానీ ఆవిడ తప్పును చూపించలేదు. సూచించాడు కదా అంటారు. సూచించింది పుకారుని! దాని ఆధారంగా తీర్పు చెప్పేవాళ్ళు తాము విమర్శకులమనుకుంటారు గానీ, నిజానికి ఆ ఊరి అరుగు మీద ఇంకో ఇద్దరు చేరినట్టే.

ఈడిపస్ కాంప్లెక్స్ వాళ్ళది ఇంకో గోల. దయానిధి కోమలి వెంట పడితే తల్లి కోసం వెతుకులాట. భార్య ఇందిరకు దూరంగా ఉంటే తల్లి మీద ప్రేమను అణచుకోవడం. ఎలా తిప్పినా అదే జవాబు. పిల్లవాణ్ణి నీళ్ళలోకి తోసినవాడికీ, వాణ్ణి కాపాడబోయినవాడికీ ఫ్రాయిడ్ సిద్ధాంతం ఒకేలా అతుకుతుందని కార్ల్ పాపర్ ఎప్పుడో ఎత్తిచూపాడు. జాతకాలు చెప్పేవాణ్ణి మనం పట్టుకునేదీ అక్కడే కదా? మరి ఫ్రాయిడ్‌కి ఎందుకీ మినహాయింపు?

నవల్లో కనిపించే గాయం వేరే. దయానిధి ఎక్కడికి వెళ్ళినా తల్లికొచ్చిన చెడ్డపేరు అతని వెంటే వస్తుంది. ఆ మాట నిజమైనా అబద్ధమైనా దెబ్బ మాత్రం నిజమే.

నవలే కదా, ఇంత పట్టింపు ఎందుకంటారా? ఈ దీవుల్ని జపాన్ సైన్యం 1942 మార్చిలో ఆక్రమించింది. రహస్యాలు బయటికి పోతున్నాయన్న అనుమానంతో స్థానికుల్ని పట్టి హింసించారు. డాక్టర్ దివాన్ సింగ్ ఆ హింసలతోనే 1944 జనవరి 14న సెల్యులర్ జైల్లో చనిపోయాడు. అదే నెల 30న, గూఢచారులన్న పేరుతో, హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చేశారు. 1943 నుంచే జలాంతర్గాముల్లో వచ్చి అడవుల్లో దిగుతున్నది బ్రిటిష్ రహస్య బృందాలు. ఆ 44 మంది పిల్లలు "మా నాన్న ఏం తప్పు చేశాడు?" అని ఎవరిని అడగాలి?

ఈసారి ఎవరైనా దయానిధి తల్లి తప్పు చేసిందండీ అంటే, ఎన్నో పేజీలో ఉందో చూపించమనండి.