యోగక్షేమం, వైరాగ్యం, వృద్ధపితరుల ఆరోగ్యబీమా

73 సంవత్సరాల తండ్రి పేరిట ఉన్న ఆరోగ్యబీమా పాలసీకి పునరుద్ధరణ గడువు సమీపించిందని ఒక గృహస్థునికి సందేశం అందుతుంది. ప్రీమియం నిరుటికంటె పెరిగి 60 వేల రూపాయలకు చేరింది. తండ్రి పింఛను లేని విశ్రాంత ఉపాధ్యాయుడు. మధుమేహం, రక్తపోటు ఆయనకు చిరకాల సహచరులు. "నా మీద ఇంత ఖర్చు దేనికిరా, దండగ. మానెయ్యి" అంటాడాయన. "అదే సొమ్ము ఏటా బ్యాంకులో వేస్తే పదేళ్లకు ఆరు లక్షలకు పైనే అవుతుంది కదా అన్నయ్యా" అంటాడు తమ్ముడు. నిత్యం గీతాపారాయణ చేసే ఆ గృహస్థుని అంతరంగంలో మూడవ స్వరం ఒకటి పలుకుతుంది: "యోగక్షేమాలను వహించేవాడు భగవంతుడు కాగా, ఈ కాగితాన్ని ఆశ్రయించడం అవిశ్వాసం కాదా?"

ఇటువంటి గృహాలు నేడు తెలుగునాట అసంఖ్యాకం. ఈ మూడు స్వరాలలో మూడవదే మిక్కిలి పవిత్రంగా వినిపిస్తుంది. కనుకనే మిక్కిలి జాగరూకతతో పరీక్షించవలసినదీ అదే.

'యోగక్షేమం' అనే పదాన్ని శాస్త్రం ఏ అర్థంలో వాడిందో ముందుగా గ్రహించాలి. లేనిదానిని పొందడం యోగం, పొందినదానిని కాపాడుకోవడం క్షేమం అని శంకరభగవత్పాదుల వివరణ. భగవద్గీత తొమ్మిదవ అధ్యాయం 22వ శ్లోకంలో అనన్యచింతన గల భక్తుల యోగక్షేమ భారాన్ని భగవానుడు స్వయంగా స్వీకరిస్తాడు. 1956లో ఏర్పడిన భారతీయ జీవిత బీమా సంస్థ తన ధ్యేయవాక్యాన్ని ఈ శ్లోకం నుంచే గ్రహించింది. దీపజ్వాలను రెండు అరచేతులు కాపాడుతున్న దాని చిహ్నం తెలుగువారికి సుపరిచితమే. ముంబయిలోని ఆ సంస్థ ప్రధాన కార్యాలయ భవనం పేరు కూడా 'యోగక్షేమ'.

కాని శాస్త్రంలో ఈ పదానికి మరొక ముఖం ఉంది. కఠోపనిషత్తు శ్రేయఃప్రేయో వివేచనలో, యోగక్షేమాల కోసం ప్రేయస్సును వరించేవాడిని మందబుద్ధి అంటుంది. గీత రెండవ అధ్యాయం అర్జునుణ్ణి యోగక్షేమచింత విడిచినవాడివి కమ్మని ఆదేశిస్తుంది. సాధకుని సంకటం ఇక్కడే జనిస్తుంది. యోగక్షేమచింత విడువదగినదైతే, తండ్రి పాలసీని కొనసాగించడం ఆ చింతను పోషించడమే కదా?

ఈ ప్రశ్నకు సమాధానం శంకరుల భాష్యంలోనే ఉంది. తొమ్మిదవ అధ్యాయ శ్లోకాన్ని వ్యాఖ్యానిస్తూ ఆయన ఒక శంకను తానే లేవనెత్తారు: ఇతర భక్తుల యోగక్షేమాలను కూడా వహించేవాడు భగవంతుడే కదా, మరి భేదమేమిటి? ఇతరులు తమ యోగక్షేమాల కోసం తామూ యత్నిస్తారు. అనన్యదర్శులు తమ కోసం అట్లా యత్నించరు, తమ జీవితమరణాలపై వారికి ఆసక్తి ఉండదు అని ఆయన సమాధానం. 'తమ కోసం' అనే ఆ మాట ఈ సందేహానికి కీలకం. అనన్యదర్శి విడిచేది స్వీయ యోగక్షేమాన్ని. తన ఔషధాన్ని, తన భోజనాన్ని, తన భద్రతను అతడు విడువవచ్చు. తండ్రి ఔషధాన్ని విడిచే అధికారం అతనికి ఎవరూ ఇవ్వలేదు. పరుల దేహంపై ఆచరించే వైరాగ్యం వైరాగ్యం కానేరదు.

త్యాగంలోనూ తారతమ్యాలున్నాయని గీత పదునెనిమిదవ అధ్యాయం స్పష్టం చేస్తుంది. విధ్యుక్త కర్మను మోహవశాన విడువడం తామసం; క్లేశభయంతో విడువడం రాజసం. తల్లిదండ్రుల పోషణ గృహస్థునికి విధ్యుక్తం. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి వారిని దేవతాస్వరూపులుగా భావించమని శాసించింది. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం ఆ బాధ్యతనే లౌకికభాషలో చెప్పింది. ఆ చట్టం ప్రకారం పోషణలో వైద్యం కూడా అంతర్భాగమే. అటువంటి కర్మను ఖర్చుకు జంకి విడిచి, దానికి శరణాగతి అని నామకరణం చేస్తే పేరు మారుతుందే గాని స్వభావం మారదు.

ఆత్మపరీక్షకు ఒక సులభమార్గం ఉంది. 'భగవంతుడే చూసుకుంటాడు' అనే ఆ గృహస్థు రాత్రి ఇంటికి తాళం వేసి నిద్రిస్తున్నాడా? తన భవిష్యనిధిలో ప్రతి మాసం ధనం జమ అవుతున్నదా? వాహనానికి బీమా చెల్లిస్తున్నాడా? ఇవన్నీ యథాతథంగా సాగుతూ, తండ్రి ప్రీమియం వచ్చినప్పుడు మాత్రమే శరణాగతి స్మరణకు వస్తే, అది శరణాగతి కాదు, లోభం ధరించిన కాషాయం. అన్నిటినీ విడిచిన మహాత్ముని విషయం వేరు. ఆయనకు ఈ సందేశమే రాదు.

తమ్ముని గణితం సంగతి ఇక పరిశీలించాలి. ఏటా 60 వేల చొప్పున పదేళ్లకు ఆరు లక్షలు, వడ్డీతో మరికొంత. లెక్క సత్యమే. అయితే వ్యాధి పదవ ఏటి వరకు వేచి ఉంటుందన్న హామీ ఆ లెక్కలో లేదు. రెండవ ఏటనే హృద్రోగం వస్తే చేతిలో ఉండేది లక్షా ఇరవై వేలు. నిధి కాలక్రమంగా పెరుగుతుంది. బీమా రక్షణ తొలిదినం నుంచే పూర్ణంగా ఉంటుంది. చేతిలో పది పదిహేను లక్షలు ఇప్పటికే విడిగా ఉన్నవారికి తమ్ముని మాట వర్తించవచ్చు. లేనివారికి అది ఆశ మాత్రమే.

అంతకన్న ముఖ్యమైనది క్షేమశబ్దార్థం, అనగా పొందినదానిని కాపాడుకోవడం. పాత పాలసీలో తండ్రి సంపాదించుకున్న విలువ ఏమిటో చాలామంది గుర్తించరు. పూర్వవ్యాధులకు బీమా సంస్థలు నిరీక్షణ కాలాన్ని విధిస్తాయి; 2024 నిబంధనల ప్రకారం దాని గరిష్ఠ పరిమితి 36 మాసాలు. 60 మాసాలు నిరంతరాయంగా కొనసాగిన పాలసీలో, మోసం నిరూపితమైతే తప్ప, పూర్వం ఏదో చెప్పలేదన్న కారణంతో సంస్థ పరిహారాన్ని తిరస్కరించరాదు. ఏళ్ల తరబడి చెల్లించి ఆ తండ్రి ఈ రెండు మెట్లనూ దాటాడు. పాలసీ ఒకసారి భగ్నమైతే, మధుమేహం గల 73 ఏళ్ల వ్యక్తికి కొత్త పాలసీ లభించడమే కష్టం. లభించినా నిరీక్షణ మళ్లీ మొదటినుంచి. కొనసాగించే నిర్ణయాన్ని వచ్చే ఏడు మార్చుకోవచ్చు. విడిచే నిర్ణయాన్ని మార్చుకోవడం దాదాపు అసాధ్యం. తిరుగులేని కర్మను సందేహావస్థలో చేయరాదని వివేకం చెబుతుంది.

అట్లని ఋణం చేసి ప్రీమియం చెల్లించడం ధర్మమని కాదు. పిల్లల చదువును ఆపి, ఇంటి అన్నవస్త్రాలను కుదించి, వడ్డీకి తెచ్చి కట్టే బీమా రక్షణ అనిపించుకోదు. శక్తికి లోబడినదే గృహస్థధర్మం. శక్తి చాలనివారు సిగ్గుపడవలసిన పని లేదు. కాని పూర్తిగా విడిచేముందు పరిశీలించవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది: వ్యక్తిగత ఆరోగ్యబీమా ప్రీమియంపై 18 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగిపోయింది. వయోవృద్ధుల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచదలిస్తే సంస్థలు ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వెలువడింది. నిన్నటి భయంతో నేటి నిర్ణయం చేయరాదు. తాజా సూచనాపత్రాన్నే చదవాలి.

రెండవది: 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ పథకంలో ఏటా 5 లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్స అర్హత ఏర్పడింది. ప్రైవేటు బీమా ఉన్నవారూ దీనికి అర్హులే. ఒకే ఇంట ఇద్దరు వృద్ధులుంటే ఆ మొత్తాన్ని ఇద్దరూ పంచుకోవాలి. అత్యవసర వేళ తండ్రిని తీసుకువెళ్లే ఆసుపత్రి ఆ పథకంలో ఉన్నదో లేదో స్వయంగా వెళ్లి విచారించాలి. దూరనగరంలోని ఆసుపత్రి పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రయోజనం లేదు.

మూడవది: భారం అధికమైతే బీమా మొత్తాన్ని తగ్గించుకోవచ్చు, ఖర్చులో కొంతభాగం తామే భరించే షరతుకు అంగీకరించవచ్చు, నిరీక్షణ ఫలాన్ని కోల్పోకుండా మరొక సంస్థకు మారవచ్చు. మారే యత్నం గడువుకు నెలన్నర ముందే ప్రారంభించాలి. కొత్త సంస్థ నిరాకరించే అవకాశమూ ఉన్నది గనుక, దాని అంగీకారం చేతికి అందేవరకు పాతదానిని వదలరాదు. కొత్త తెప్పపై కాలు మోపకుండా పాత తెప్పను విడిచినవాడు నీటిపాలవుతాడు.

చివరగా తండ్రి మాట. "దండగ" అన్న ఆ పలుకులో రెండు వేర్వేరు భావాలు దాగి ఉండవచ్చు. ఒకటి, బిడ్డకు భారం కారాదన్న వాత్సల్యం. రెండవది, అంతిమదశలో యంత్రాల నడుమ పడి ఉండరాదన్న సంకల్పం. మొదటిదానికి సమాధానం ప్రేమతో ఒప్పించడం. శ్రవణకుమారుని కావడిలో కూర్చున్న తల్లిదండ్రులు తమ బరువుకు బిడ్డను క్షమాపణ కోరలేదు. రెండవదానికి సమాధానం వినడం. ఆ సంకల్పాన్ని గౌరవించాలి. దానికీ బీమాకూ సంబంధం లేదు. విరిగిన తుంటి ఎముకకు, కంటి శుక్లానికి, శ్వాసకోశ వ్యాధికి చికిత్స పొంది మరి కొన్నేళ్లు జపధ్యానాలతో గడపడం వేరు. కోలుకునే ఆశ లేనినాడు కృత్రిమ జీవధారణను నిరాకరించడం వేరు. గౌరవప్రదంగా మరణించే హక్కును, అందుకు ముందస్తు సంకల్పపత్రం రాసుకునే మార్గాన్ని సర్వోన్నత న్యాయస్థానం 2018లో గుర్తించి, 2023లో విధానాన్ని సరళం చేసింది. తండ్రి ఆరోగ్యంగా ఉన్న రోజుననే ఈ విషయాన్ని ఆయనతో ప్రశాంతంగా మాట్లాడాలి. బీమా ఉన్నది కదా అని అక్కరలేని చికిత్సలను ఆయన దేహంపై జరిపించడమూ, బీమా లేదు కదా అని అవసరమైన చికిత్సను ఆపడమూ సమానంగా అధర్మాలే.

ఇంత చేసినా ప్రీమియం చెల్లింపు సేవ కానేరదు. సేవకు అది ఒక ఉపకరణం. ఆసుపత్రిలో కాగితం బిల్లును చెల్లిస్తుంది, చేయి పట్టుకోదు. రాత్రివేళ దాహమడిగితే నీరందించదు. బీమా ఉన్నదన్న నిశ్చింతతో ఏడాదికోసారి మాత్రమే తండ్రిని చూడవచ్చే కుమారుడు, బీమా లేకున్నా నిత్యం పాదాలొత్తే కుమారుని కన్న అధికుడు కాడు.

కనుక ఆ గృహస్థు చేయదగినది ఇది. శక్తి ఉంటే గడువుకు ముందే చెల్లించాలి; లేకుంటే భారాన్ని తగ్గించుకొని కొనసాగించాలి; ఏదీ సాధ్యం కానినాడు ప్రభుత్వ పథకపు కార్డును సిద్ధం చేసి, తండ్రికి అన్నీ చెప్పి, నిర్మలచిత్తంతో విడువాలి. కార్డులు, పాలసీ పత్రం, ఔషధాల జాబితా ఇంట ఎక్కడున్నవో తల్లికి కూడా తెలిపి ఉంచాలి. కర్తవ్యం ఇంతవరకే. ఆపై వ్యాధి వచ్చునో రాదో, వచ్చిన వ్యాధి నయమగునో కాదో అన్నది అతని చేతిలోనిది కాదు. భగవంతునికి అప్పగించవలసినది ఆ భాగమే.

స్వస్తి.